పాత ఇంగ్లీషు హారర్ కథలు మనకు కొరకరాని కొయ్యలా?

ఇంగ్లీషులోని పాత ‘వియర్డ్ హారర్’ కథలు చదవాలని సరదాపడి, మొదటి పేజీలోనే పుస్తకం మూసేసే తెలుగు మీడియం పాఠకులు చాలామంది. వాళ్లను ఆపుతున్నది భాష కంటే ఈ అపోహలే.

అపోహ: ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లకు ఇవి నల్లేరు మీద నడక.
వాస్తవం: కాదు. అమెరికా రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ (1890–1937) కావాలనే పద్దెనిమిదో శతాబ్దపు ఫక్కీని అనుకరించాడు. అతని వాక్యాల దగ్గర అమెరికన్లూ తడబడతారు. ‘క్తుల్హు’ అన్నది మనిషి నోటికి సరిగా లొంగని పేరని అతనే చెప్పాడు. అది పలకలేకపోతే సిగ్గుపడే పనిలేదు.

అపోహ: ఇవి పండితుల కోసం రాసినవి.
వాస్తవం: 1923లో పుట్టిన ‘వియర్డ్ టేల్స్’ చవక కాగితం మీద అచ్చయిన పత్రిక. ‘ది కాల్ ఆఫ్ క్తుల్హు’ 1928లో అందులోనే వచ్చింది. మన ‘తులసిదళం’ నవల ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినట్టే ఇవీ మామూలు పాఠకుల కోసం వచ్చిన కథలు.

అపోహ: తెలియని ప్రతి మాటకూ డిక్షనరీ చూడాలి.
వాస్తవం: అలా చూస్తే భయం చల్లారిపోతుంది. లవ్‌క్రాఫ్ట్‌కు ఇష్టమైన విశేషణాలు కొన్నే. కథ మారినా అవే తిరిగి వస్తాయి. ఎవరు, ఎక్కడ, ఏం చూశారన్నది అందితే ముందుకు సాగండి. డిక్షనరీ రెండోసారి చదివేటప్పుడు తీయవచ్చు.

అపోహ: లవ్‌క్రాఫ్ట్‌తోనే మొదలుపెట్టాలి.
వాస్తవం: అతణ్ణి చివరికి ఉంచండి. డబ్ల్యూ.డబ్ల్యూ. జేకబ్స్ రాసిన ‘ది మంకీస్ పా’ (1902) చిన్న కథ, నిండా సంభాషణలే. అందులోని మాయ కోతిపంజా ఇంగ్లండుకు చేరింది మన దేశం నుంచే. ఆ తర్వాత ఎం.ఆర్. జేమ్స్ దయ్యాల కథలు చదవండి.

అపోహ: ఆ ఊళ్లూ ఆ భయాలూ మనవి కావు.
వాస్తవం: ఆల్జెర్నన్ బ్లాక్‌వుడ్ ‘ది విల్లోస్’ (1907)లో ఇద్దరు పడవ ప్రయాణికులు డాన్యూబ్ నది వరదలో ఒక ఇసుక దీవి మీద చిక్కుకుంటారు. దీవి అంతకంతకూ కోసుకుపోతుంటుంది. సోమశిల దగ్గర వానాకాలపు కృష్ణను చూసినవాళ్లకు ఆ నది కొత్త కాదు. లవ్‌క్రాఫ్ట్ ‘ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్’ (1927) చెప్పేది కొత్త జలాశయం కోసం సర్వేకు వచ్చినవాడు. ఉల్క పడ్డాక బూడిదైపోయిన ఒక పొలం త్వరలో ఆ నీటి కింద మునగబోతోంది. శ్రీశైలం జలాశయంలో ఊళ్లు పోగొట్టుకున్న కొల్లాపూర్ ప్రాంతానికి ముంపు సర్వే అంటే ఏమిటో ఒకరు చెప్పాలా? ఈ కథను బోస్టన్ పాఠకుడి కంటే నాగర్‌కర్నూల్ జిల్లా పాఠకుడే దగ్గరగా చదవగలడు.

అపోహ: ఇవి మూఢనమ్మకాలు నూరిపోస్తాయి.
వాస్తవం: చేతబడి కథ అయిన ‘తులసిదళం’ మీద రచయిత్రి రంగనాయకమ్మ ఆ కోణంలోనే ఘాటుగా విరుచుకుపడ్డారు. లవ్‌క్రాఫ్ట్ మాత్రం నాస్తికుడు. అతని భయమంతా ఈ విశ్వానికి మనిషి లెక్కలోకే రాడన్నది. అతనిలో అసలు దోషం జాతిద్వేషం. కొన్ని కథల్లో అది బాహాటంగానే కనిపిస్తుంది. కళ్లు తెరిచి చదవాలి.

ఈ కథలన్నీ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ లాంటి చోట్ల ఉచితంగా దొరుకుతాయి. లవ్‌క్రాఫ్ట్ కథలకు మన దేశంలో కాపీరైట్ గడువు ఎప్పుడో తీరింది. ఖర్చు లేదు, పరీక్ష లేదు. ‘ది మంకీస్ పా’తో మొదలుపెట్టండి.