మీకు తెలుసా? హ్యాచ్‌బ్యాక్‌కు, చిన్న సెడాన్‌కు పొడవులో తేడా జానెడు కూడా లేదు!

మారుతి సెడాన్ డిజైర్ 2008లో వచ్చినప్పుడు పొడవు 4,160 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లలోపు చిన్న కార్లకు పన్ను తక్కువ కనుక 2012లో డిక్కీ కురచ చేసి 3,995కు తెచ్చారు. అదే కంపెనీ హ్యాచ్‌బ్యాక్ అయిన ఇప్పటి స్విఫ్ట్ 3,860. ముందు, వెనక చక్రాల మధ్య దూరమైతే రెండింటికీ ఒకటే, 2,450. కాబట్టి ‘సెడాన్‌కు పార్కింగ్ కష్టం’ అన్న మాట ఇక్కడ పెద్దగా నిలవదు. సెడాన్‌కు పెట్టే అదనపు సొమ్ము ముఖ్యంగా డిక్కీకే: 265 లీటర్లకు బదులు 382. పెట్టెలకు అది నిజంగా లాభమే. కానీ పొడవైన సామానుకు వెనక సీటు మడిచే వీలు స్విఫ్ట్‌లోనే ఉంది. పైగా సీఎన్‌జీ రకం కొంటే, డబ్బిచ్చి కొన్న డిక్కీలో చాలా భాగాన్ని సిలిండరే మింగేస్తుంది! నలుగురూ పెట్టెలతో తరచూ ఊళ్లకు వెళ్లే ఇంటికి పెట్రోల్ సెడాన్ మేలు. మిగతావారికి హ్యాచ్‌బ్యాకే చాలు.