ఆయిలింజను మోత తగ్గించుకోండిలా

కరెంటు లేని చేలో ఆయిలింజనే దిక్కు. అది నడుస్తుంటే పక్క మనిషి మాట కూడా వినపడదు. 85 డెసిబెళ్లకు మించిన మోతలో రోజూ 8 గంటలు ఉంటే, ఏళ్లు గడిచేకొద్దీ చెవులు మందగిస్తాయి. అలా పోయిన వినికిడి మందులతో తిరిగి రాదు.

ముందుగా సైలెన్సరు చూడాలి. తుప్పుపట్టి చిల్లులు పడినా, జాయింటు దగ్గర పొగ తన్నుతున్నా మోత పెరుగుతుంది. చిల్లికి గుడ్డ చుడితే లాభం లేదు, మార్చాల్సిందే. ఇంజను బాగా లాగుతుందని కొందరు సైలెన్సరే పీకేస్తారు. లాగేది ఏపాటిదో గాని చెవులకు చేటు మాత్రం ఖాయం. అలాగని పొగగొట్టం సన్నం చేయొద్దు, పొగ బయటకు పోక డీజిలు ఎక్కువ తాగుతుంది. గొట్టం మూతిని మనుషులు మసలని వైపు తిప్పుకోవాలి.

పునాది బోల్టులు వదులైతే ఇంజను అదిరిపోతుంది, అప్పుడప్పుడూ బిగించుకోవాలి. ఇంజను దగ్గరే ఉండాల్సిన వాళ్లు చెవుల్లో దూది బదులు స్పాంజి ప్లగ్గులు పెట్టుకుంటే మేలు.

మోత వినపడకూడదని ఇంజనును మూసిన గదిలో గాని, బావిలోకి దించి గాని నడపొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. బావిలో ఎవరైనా పడిపోతే వెంటనే దిగకండి, దిగినవాడికీ అదే గతి పడుతుంది. ఫైర్ స్టేషనుకు ఫోన్ చేయండి.