ఆ పాటలో ఊపిరి ఎక్కడ తీసుకున్నారు?

హాస్టల్లో మీరూ ఈ పందెం కాసే ఉంటారు. 'ఓ పాపా లాలి' సినిమాలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు చరణం మొత్తం ఊపిరి తీసుకోకుండా పాడినట్టు వినిపించే పాట ఒకటుంది కదా, దాన్ని ఒకే గుక్కలో ఎవరు పాడతారో చూద్దాం అని. సగం దాకా వచ్చేసరికి మొహం కందిపోతుంది. పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వుతారు. నేనైతే మా రూమ్‌లో నాలుగో లైన్ ఎప్పుడూ దాటలేదు.

తమిళంలో 1990లో 'కేళడి కణ్మణి' పేరుతో వచ్చిన సినిమా అది. సంగీతం ఇళయరాజా. ఆ పాట గురించి ఎవరు పొగిడినా బాలు గారు నవ్వేసి అసలు సంగతి చెప్పేసేవారు. అదంతా ఒకే గుక్కలో పాడింది కాదు, అలా పాడటం మనిషి వల్ల అయ్యే పని కాదు, విడివిడిగా రికార్డు చేసి కలిపారు అని. ఆయన చెప్పకపోతే మనలో ఎంతమందికి తెలిసేది? ఊరికే వచ్చిన గొప్ప, ఉంచుకుంటే అడిగేవాడు లేడు. అయినా వద్దన్నారు.

ఈ ముక్క నాకు ఇంజినీరింగ్ ఫైనలియర్‌లోనే తెలిసి ఉంటే బాగుండేది.

నాది నెల్లూరు. 2019లో బీటెక్ అయిపోయింది. అప్పటి నా రెజ్యూమె ఇప్పుడు తీసి చూస్తే నాకే నవ్వొస్తుంది. 'మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు, నాలుగు నెలలు' అని రాసుకున్నా. ఆ ప్రాజెక్టు గిట్‌హబ్ నుంచి దించుకోవడానికి పట్టింది నాలుగు నిమిషాలు. 'మీ గురించి చెప్పండి' అంటే చెప్పాల్సిన జవాబు యూట్యూబ్‌లో ఎవరో అమెరికా యాసలో చెబుతుంటే బట్టీ పట్టాను. మా అమ్మ వంటింట్లోంచి విని, "అబ్బయా, ఎవుర్రా లోపల మాట్లాడేది?" అని అడిగింది.

చెన్నైలో ఓ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. సరిగ్గా ముందు రోజు జ్వరం. వాయిదా అడిగితే ఛాన్స్ పోతుందని భయపడి, మాత్ర మింగి, పొద్దున్నే పినాకిని ఎక్కేశా. లోపల కూర్చున్నాక ఒకే ప్రశ్న అడిగారు: "ఈ ఫంక్షన్ ఇలాగే ఎందుకు రాశారు?" నేను రాసి ఉంటే కదా! గొంతు పెగల్లేదు. అది జ్వరమో భయమో తెలీదు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, వాళ్లు అడిగింది న్యాయమైన ప్రశ్నే. రాత్రికి ఇంటికొచ్చి పడుకుంటే లేవడానికి పది రోజులు పట్టింది.

ఆ పది రోజుల్లో మా నాన్న ఫోన్లో పాత ఇంటర్వ్యూలు పెట్టుకుని వింటుంటే, మంచం మీదున్న నాకూ వినబడ్డాయి. బాలు గారి కథలో నాకు తెలియంది చాలా ఉందని అప్పుడే అర్థమైంది.

మన నెల్లూరు తిప్పరాజువారి వీధి ఆయనది. 1946 జూన్ 4న పుట్టారు. తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. ఇంట్లో సంగీతం ఉంది కానీ, కొడుకు ఇంజినీరు కావాలన్నది తండ్రి కోరిక. బాలు గారి కోరికా అదే. అనంతపురం ఇంజినీరింగ్ కాలేజీలో చేరారు. టైఫాయిడ్ వచ్చింది. చదువు ఆగిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. 'ఇయర్ గ్యాప్' అనే మాట వింటేనే మనకి చెమట్లు పడతాయి. హెచ్‌ఆర్ అడిగితే ఏం చెప్పాలా అని కోచింగ్ సెంటర్ల వాళ్లు జవాబులు తయారుచేసి అమ్ముతున్నారు కూడా. ఆయన చేసింది చాలా మామూలు పని. కోలుకున్నాక మద్రాసులో ఏఎంఐఈలో చేరారు. రెగ్యులర్ కాలేజీకి వెళ్లలేనివాళ్లు ఇనిస్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ పెట్టే పరీక్షలు పాసై అర్హత తెచ్చుకునే దారి అది. ఒకవైపు ఆ చదువు, ఇంకోవైపు పాటల పోటీలు. అలాంటి ఒక పోటీలోనే సంగీత దర్శకుడు ఎస్పీ కోదండపాణి ఆయన గొంతు పట్టుకున్నారు. 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' సినిమాలో తొలి అవకాశం ఇచ్చిందీ ఆయనే. తర్వాత్తర్వాత బాలు గారు చెన్నైలో కట్టిన రికార్డింగ్ థియేటర్‌కి కోదండపాణి గారి పేరే పెట్టుకున్నారు. పాటలు పెరిగి పెరిగి ఇంజినీరింగ్ పక్కకి జరిగింది తప్ప, ఒక రోజు పొద్దున్నే లేచి 'నా ప్యాషన్ ఇదీ' అని పుస్తకాలు విసిరేయలేదు. సినిమాల్లో చూపించే ఆ సీను మీ ఇంట్లో ట్రై చేయకండి, బాబూ.

మద్రాసులో మళ్లీ ఒకసారి ఆయన మంచాన పడ్డారు. ఈసారి పోయేది కాలేజీ సీటు కాదు, అంతకంటే పెద్దది. ఎంజీఆర్ హీరోగా 'అడిమై పెణ్' తీస్తున్నారు. సంగీతం కె.వి.మహదేవన్. పి.సుశీల గారితో కలిసి పాడే డ్యూయెట్ ఈ కుర్రాడికి వచ్చింది. తమిళనాడులో ఎంజీఆర్‌కి పాడటమంటే ఏమిటో అక్కడివాళ్లని అడిగితే చెబుతారు. తీరా రికార్డింగ్ సమయానికి జబ్బు. ఇంకేముంది, ఆ పాట ఇంకెవరో పాడేసి ఉంటారనుకుని ఆశ వదిలేసుకున్నారట.

పాడలేదు. ఆయన లేచే దాకా పాటని ఆపారు. నా కోసం ఎందుకు ఆగారని తర్వాత అడిగితే ఎంజీఆర్ చెప్పిన కారణం బాలు గారు ఎన్నో వేదికల మీద చెప్పుకొన్నారు. ఎంజీఆర్‌కి పాడబోతున్నానని నువ్వు నీ స్నేహితులందరికీ చెప్పే ఉంటావు, ఇప్పుడు వేరేవాళ్లు పాడితే నీ పాట నాకు నచ్చలేదేమోనని లోకం అనుకుంటుంది, అది నీ భవిష్యత్తుకి మంచిది కాదు, అన్నది దాని సారాంశం. 1969లో సినిమా వచ్చింది. ఆ పాటతో తమిళనాడు ఆయన్ని సొంతం చేసుకుంది.

ప్రతి హెచ్‌ఆర్‌లోనూ ఎంజీఆర్ ఉండరు. అది నాకూ తెలుసు. కానీ నేను అడగనైనా లేదు కదా, అదీ నా బాధ. రెండు లైన్ల మెయిల్: 'జ్వరంగా ఉంది, రేపటి ఇంటర్వ్యూని రెండు మూడు రోజుల తర్వాతకి మార్చడానికి వీలవుతుందా? వీలు కాకపోతే ఫోన్లో అయినా మాట్లాడగలను.' అంతే. ఇప్పుడు నేను పనిచేసే చోట ఇంటర్వ్యూలు తీసుకునే టీమ్‌లో నేనూ ఉన్నాను. ఇలా అడిగినవాళ్లని ఈ ఒక్క కారణంతో పక్కన పెట్టడం నేనింతవరకూ చూడలేదు. చెప్పాపెట్టకుండా రానివాళ్లని మాత్రం పెట్టేస్తారు.

'శంకరాభరణం' సంగతి ఇంకా ముఖ్యమైనది. 1980 ఫిబ్రవరిలో విడుదలైంది. కథానాయకుడు కర్ణాటక సంగీత విద్వాంసుడు. ఆయనకి గొంతు ఇవ్వాల్సిన బాలు గారు శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవారు కాదు. ఉద్యోగ భాషలో చెప్పాలంటే, నోటిఫికేషన్‌లో అడిగిన ప్రధాన అర్హతే లేదు. ఆయన ఏం చేశారు? నాకు రాదు అని ముందే చెప్పారు, వెనకాడారు. మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది పట్టుబట్టారు, దగ్గర కూర్చోబెట్టి నేర్పించారు. సంగతి సంగతీ సాధన చేసి పాడారు. జాతీయ అవార్డు వచ్చింది. ఆ తర్వాత కూడా 'నేను సంగీతం నేర్చుకోలేదండీ' అని చెప్పడం మానలేదు. మనమైతే ఆ అవార్డు రాగానే ప్రొఫైల్‌లో 'క్లాసికల్ ఎక్స్‌పర్ట్' అని పెట్టేసుకునేవాళ్లం.

'నాకు రాదు' అనడంలో రెండు రకాలున్నాయి. రాదు, కాబట్టి వెళ్లిపోతున్నాను అనేది ఒకటి. రాదు, ఎన్నాళ్లలో నేర్చుకోవాలో చెప్పండి అనేది ఇంకొకటి. ఇంటర్వ్యూలో రెండోది చెప్పినవాడు గుర్తుండిపోతాడు. నిజంగా!

యాస విషయంలో మీకు బెంగ ఉందా? నాకు చాలా ఉండేది. 'ఏక్ దూజే కే లియే' హిందీ సినిమాకి బాలు గారి పేరు వచ్చినప్పుడు సంగీత దర్శకులు లక్ష్మీకాంత్-ప్యారేలాల్‌కి అనుమానమే, ఈ దక్షిణాది గొంతుకి హిందీ పలుకుతుందా అని. దర్శకుడు బాలచందర్ ఒప్పుకోలేదు. కథలో హీరో హిందీ సరిగా రాని తమిళ కుర్రాడే కదా, అలాగే వినబడనివ్వండి అన్నారు. 1981లో ఆ సినిమా ఆయనకి ఇంకో జాతీయ అవార్డు తెచ్చింది. అలాగని ఆయన అక్కడితో ఆగిపోలేదు. హిందీ పలుకు సరిచేసుకుంటూ వెళ్లి, 1989లో 'మైనే ప్యార్ కియా'లో సల్మాన్ ఖాన్‌కి పాడితే ఉత్తరాది మొత్తం ఊగిపోయింది. మీ ఇంగ్లిష్‌లో నెల్లూరు వినబడితే నష్టం లేదు. వాక్యం అవతలివాళ్లకి అర్థం కాకపోతే నష్టం. దిద్దుకోవాల్సింది రెండోదాన్ని.

ఇంతా విని మీలో ఒకరైనా అడుగుతారు: "ఆయన అక్కినేనికి ఒకలా, ఎన్టీఆర్‌కి ఒకలా, అల్లు రామలింగయ్యకి ఇంకోలా గొంతు మార్చి పాడేవారు కదన్నా, మరి అదేం నిజాయితీ?" మంచి ప్రశ్న. నేనూ చాలా రోజులు ఆలోచించా. హీరోకి తగ్గట్టు గొంతు మార్చినా పాడింది ఆయనే. శ్రుతి ఆయనదే, శ్రమ ఆయనదే. ప్రతి కంపెనీకీ తగ్గట్టు రెజ్యూమె మార్చుకోవడం అలాంటిదే, తప్పకుండా చేయండి. డేటా ఉద్యోగమైతే ఎస్‌క్యూఎల్ పైకి తెండి, టెస్టింగ్ ఉద్యోగమైతే మీరు పట్టుకున్న బగ్గుల కథ రాయండి. పాడకుండా పెదాలు కదిపితేనే గొడవ. నా మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు ఆ రకం.

ఒక్క విషయంలో మాత్రం బాలు గారిని ఫాలో కావద్దు. గొంతు కోసమని ఐస్‌క్రీములూ చల్లటి నీళ్లూ మానలేదని ఆయనే సరదాగా చెప్పేవారు. కన్నడ సంగీత దర్శకుడు ఉపేంద్రకుమార్‌కి ఒకే రోజు 21 పాటలు పాడారని చెబుతారు. ఆ శరీరం వేరు, ఆ సాధన వేరు. దాన్ని చూసి మూడు రాత్రులు మేలుకుని కోడింగ్ టెస్టు రాస్తే మీకు వచ్చేది రికార్డు కాదు, జ్వరం. కానీ అదే మనిషి 2020 ఆగస్టులో కొవిడ్ సోకినప్పుడు పెట్టిన వీడియో చూడండి. లక్షణాలు తక్కువే, ఇంట్లోనే ఉండొచ్చన్నారు, ఇంట్లోవాళ్లకి ఇబ్బంది కాకూడదని ఆస్పత్రిలో చేరాను అని మామూలుగా చెప్పారు. దాచలేదు, బింకం పోలేదు. సెప్టెంబరు 25న మనకి దూరమయ్యారు. ఆ రోజు మా వీధిలో షాపులన్నింట్లో ఆయన పాటలే.

నెలల తరబడి రిజెక్ట్ మెయిళ్లు చూసి నిద్ర పట్టకపోతే, అన్నం సహించకపోతే, దాన్ని కూడా జ్వరంలాగే చూడండి. 14416 టెలీ మానస్ నంబరు. ప్రభుత్వానిది, డబ్బులు కట్టక్కర్లేదు, ఏ వేళప్పుడైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. నేను పడుకున్న ఆ పది రోజుల్లో ఈ నంబరు ఇంకా లేదు. 2022లో వచ్చింది.

పోయిన నెల మా వీధి తమ్ముడొకడు రెజ్యూమె చూడమని వచ్చాడు. రెండు పేజీలు. ఇంట్లో కూర్చుంటే వాళ్ల నాన్న వింటాడని మొహమాటపడుతుంటే బండి మీద మైపాడు బీచ్‌కి తీసుకెళ్లా. ఇసుకలో కూర్చుని ఒక్కో లైన్ చదువుతూ, "ఇది నువ్వే చేశావా?" అని అడుగుతూ పోయాను. చేయనివన్నీ వాడే కొట్టేశాడు. మిగిలింది ముప్పావు పేజీ. అందులో కాలేజీ ఫెస్ట్‌కి వాడు సొంతంగా చేసిన టికెట్ బుకింగ్ సైటు ఒకటుంది. రెండో పేజీ అడుగున, కనబడకుండా పెట్టాడు. దాని గురించి అడిగితే అరగంట ఆపకుండా చెప్పాడు. సర్వర్ ఎక్కడ పడిపోయిందో, అర్ధరాత్రి ఎలా లేపాడో, అన్నీ. దాన్ని తీసుకొచ్చి పైన పెట్టాం.

చీకటి పడుతుంటే లేచాం. బండి దగ్గరికి నడుస్తూ వాడు ఆ పాటే అందుకున్నాడు, గుక్క తిప్పకుండా. నాలుగో లైన్‌లో దొరికిపోయాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఊపిరి పీల్చుకుని మళ్లీ అక్కణ్ణుంచే ఎత్తుకున్నాడు.