విద్యకు దారి చూపు పెద్దలు

వ్యాధికి మందు కనుగొనుట యొకటి. ఆ మందు రోగి యింటికి చేరుట వేరొకటి. ఈ రెంటి నడుమ నున్న దూర మెట్లు తగ్గునని శోధించు విద్యను ఆచరణశాస్త్ర మందురు. మనోవ్యాధుల విషయమున నిది మిక్కిలి యవసరము. కాని యీ విద్య గ్రంథపఠనముచేత మాత్రమే యలవడదనియు, క్రొత్తగా పరిశోధనకు దిగువారికి వెంట నడచు పెద్ద లుండవలెననియు మా యభిప్రాయము.

ఆఫ్రికాఖండమునందలి జింబాబ్వే దేశపు వృత్తాంతమును వినుడు. 2005లో డిక్సన్ చిబండా యను మానసిక వైద్యుని చెంతకు రావలసిన యువతి యొకతె, బస్సు కిరాయికి సొమ్ము లేక రాజాలక, తుదకు ప్రాణము తీసికొన్నది. వైద్యుడున్నాడు, వైద్యమున్నది, దారియే లేకపోయినది. ఆ దుఃఖముతో నాతడు 2006లో హరారే నగరమున 14 గురు అవ్వలకు బాధితుల మాట నోర్పుతో విను పద్ధతిని నేర్పి, చికిత్సాలయముల యావరణలో బల్లలు వేయించెను. వానికి మానసికారోగ్యపు బల్లలని పేరిడగా, ఆ పేరు విన్న నెవరును కూర్చుండరని చెప్పి యవ్వలు స్నేహపు బల్లలని మార్పించిరి. 24 చికిత్సాలయములలో 573 మందిపై జరిపిన పరిశీలన 2016లో ప్రకటితమైనది. సాధారణ చికిత్స పొందినవారికంటె బల్లపై కూర్చుండినవారి వ్యాకులత 6 నెలలకు తక్కువగా నుండెనని తేలినది.

పండితుడైన వైద్యుడు, చదువు కొలదిగా గల యవ్వల మాట మన్నించుట యిందలి కీలకము. ఈ వినయమును పాఠముగా చెప్పుట కష్టము. అనుభవజ్ఞుల చెంత మెలగిననే యబ్బును. చిబండాయే పిదప జింబాబ్వే, మలావి, ఇథియోపియా, దక్షిణాఫ్రికా దేశముల విశ్వవిద్యాలయములను కలిపి, యువపరిశోధకులకు శిక్షణ నొసగు 'అమారి' యను సంస్థకు నాయకత్వము వహించెను.

ఇట్టి పెద్దల పని యేమి? శిష్యుని ప్రశ్నను సాధ్యమగునంతకు కుదింపవలెను. ద్రవ్యసహాయమునకై వ్రాసిన విన్నపమును దిద్దవలెను. పథకము విఫలమైనచో దాచక ప్రకటించు ధైర్య మీయవలెను. శ్రమ చిన్నవారిదైనచో వారి పేరే ముందుంచవలెను. బిడ్డను కని కొంతకాల మింట నిలిచిన పరిశోధకురాలిని మరల బిలిచి పని యప్పగింపవలెను. ఈ తుదిమాట నెందరో మరతురు. అందుచేతనే మంచి పని యెంతయో నడుమ నిలిచిపోవుచున్నది.

సోదరీమణులారా! మన కుమార్తెలు ఈ విద్యకు పోదుమన్నచో, ఏ విశ్వవిద్యాలయమని యడిగి యూరకుండరాదు. ఎవరి చేతిక్రింద పని చేయుదురో, ఆ పెద్దలు చిన్నవారి మాట విందురో లేదో కూడ నడుగుదము.