అడుగకుండ నింపబడిన గడి

పాఠశాల ప్రవేశపత్రమున పేరు, పుట్టిన తేది, ఊరు, మాతృభాష మున్నగు గడులు పెక్కులుండును. "సాధారణమైన సమాధానములను మేమే ముందుగ ముద్రించి యుంచెదము, మీరు పేరు మాత్రము వ్రాసిన చాలును" అని యెవరైన ననినచో మన శ్రమ తగ్గును. కాని మాతృభాష గడిలో 'మరాఠీ' యని ముందే ముద్రింపబడి యున్నచో, సిరొంచలోని తెలుగు బిడ్డ గతి యేమి? మన పిల్లలు కొందరు నేర్చుకొనుచున్న కంప్యూటరు విద్యలోను సరిగ నిట్టి ప్రశ్నయే కలదు.

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ జావా అను కంప్యూటరు భాషను వెలువరించెను. ఈ భాషలో వ్రాసిన ప్రోగ్రాము మొదట 'బైట్‌కోడ్' అను నడిమి భాషలోనికి మారును. తెలుగు, మరాఠీ, గోండీ మాటలాడువారు ఒకచోట కూడినప్పుడు అందరికిని తెలిసిన మాట యొకటి కావలసివచ్చును గదా! బైట్‌కోడ్ అట్టిది. ఏ యంత్రమందైనను 'జావా వర్చువల్ మెషిన్' ఉన్నచో అది దీనిని చదివి పని జరిపించును.

ఒక్కొక్కప్పుడు మూలప్రోగ్రామును ముట్టక బైట్‌కోడ్‌నే సవరింపవలసి వచ్చును. ఏ పనికి ఎంతకాలము పట్టుచున్నదో కొలుచుట యిందుకొక ఉదాహరణము. దీనికై ఏర్పడిన సాధనములలో 'ఏఎస్ఎమ్' ఒకటి. ఫ్రాన్సు దేశీయుడగు ఎరిక్ బ్రూనెటన్, ఆయన సహచరులు 2002లో దీనిని గూర్చి వ్యాసము ప్రకటించిరి.

ఇట్టి సాధనములో ఒక వస్తువును పుట్టించునప్పుడు, కావలసిన వివరములు గైకొని దానిని సిద్ధపరచు భాగమునకు 'కన్‌స్ట్రక్టర్' అని పేరు. ఏఎస్ఎమ్‌లోని 'క్లాస్‌రీడర్' మూలమున బైట్ల వరుసను కోరును. పేరొక్కటి చెప్పిన చాలు, తానే వెదకి చదువుకొను సులభ కన్‌స్ట్రక్టర్ కూడ దానికి గలదు. అది అసలు పనిని మరల వ్రాయదు. బైట్లను తెచ్చి మొదటి కన్‌స్ట్రక్టర్‌కే అప్పగించును. సులభమార్గము నిర్మించు పద్ధతి యిదియే. అయితే అది వెదకునది తనకు తెలిసిన చోటుననే. మరియొక చోట దాచిన దానిని కనుగొనజాలదు.

'క్లాస్‌నోడ్' అను మరొక వస్తువునకు ఏఎస్ఎమ్ యొక్క ఏ సంచికకు అనుగుణముగ నడువవలెనో చెప్పవలెను. చెప్పనిచో సులభ కన్‌స్ట్రక్టర్ తాజా సంచికను తానే యెన్నుకొనును. కాని క్లాస్‌నోడ్‌పై ఆధారపడి మరియొకరు క్రొత్త వస్తువును నిర్మించినచో వారు ఈ సులభమార్గమున పోరాదు. పోయినచో ప్రోగ్రాము దోషము చూపి నిలిచిపోవును. కారణమేమన, రేపు సాధనము మారినప్పుడు వారి సంచిక వారికి తెలియకయే మారిపోవును. వారెరుగని క్రొత్త సంగతులు వచ్చిపడును. ఎవరి నిర్ణయమో వారే నోటితో చెప్పవలెనని యిచ్చటి నియమము.

సౌకర్యము చెడ్డది కాదు. అందరికిని ఒక్కటే సమాధానమైనచోట దానిని ముందుగ నింపవచ్చును. ఒక్కొక్కరికి వేరైనచోట అడిగియే తీరవలెను. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించునట్లు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము రాష్ట్రములను, స్థానిక సంస్థలను ఆదేశించుచున్నది. పత్రమున తప్పు భాష వ్రాయబడినచో ఆ బిడ్డ లెక్కకు రాడు. కావున తల్లిదండ్రులు సంతకము చేయుటకు ముందు నింపియున్న గడులను గూడ ఒకసారి చదువుదురుగాక!