పోపుల డబ్బాలోంచి పాసుపుస్తకంలోకి

"గ్యాస్ మొన్ననేగా మార్చాం, అప్పుడే అయిపోయిందా?"

ఈ మాట పడని ఇల్లాలు ఉండదేమో! ఆ 'మొన్న' అంటే ఎన్ని రోజుల కిందట అని అడిగితే మాత్రం ఇంట్లో ఎవరూ చెప్పలేరు. అందుకే సిలిండర్ మార్చిన రోజే క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టండి. ఎన్నాళ్లొస్తోందో తెలిస్తేనే కదా, ఎంత తగ్గించామో తెలిసేది.

ఇళ్లకు వచ్చే పెద్ద సిలిండర్లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. నలుగురున్న మా ఇంట్లో అది 30 రోజులొచ్చేది. కందిపప్పు అరగంట ముందే నానబెట్టడం, కుక్కర్లో కింద పప్పు, పై గిన్నెలో అన్నం ఒకేసారి పెట్టేయడం, విజిల్ రాగానే మంట సిమ్‌లోకి తిప్పడం, ఫ్రిజ్‌లోంచి తీసిన పాలను కాసేపు బయట ఉంచి పొయ్యెక్కించడం... మేం చేసిందింతే. మంట నీలంగా కాకుండా పసుప్పచ్చగా వస్తూ గిన్నెల అడుగులు నల్లబడుతుంటే బర్నర్ శుభ్రం చేయించాలి. ఇది మాత్రం ఏడాదిపాటు వాయిదా వేశాను, ఒప్పుకుంటున్నా! ఇప్పుడు సిలిండర్ 36 రోజులొస్తోంది. ఆరు రోజులేగా అని తీసిపారేయకండి. ఏడాదికి 12 సిలిండర్లు కావలసిన చోట 10తో సరిపోతోంది.

ఇక కరెంటు. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్ కాలినట్టు. పాత రకం సీలింగ్ ఫ్యాన్ దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 10 గంటలు తిరిగితే నెలకు 22 యూనిట్ల పైమాటే. ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లకు 30 వాట్లు, కాస్త అటూ ఇటూగా చాలు. వీటి ధర ఎక్కువే. అన్నీ ఒక్కసారే మార్చేయమని నేననను. రాత్రంతా తిరిగే పడగ్గది ఫ్యాన్‌తో మొదలుపెట్టండి. మన రెండు రాష్ట్రాల్లోనూ వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు కూడా పెరుగుతుంది. కాబట్టి మనం తగ్గించేవి అన్నిటికన్నా ఖరీదైన ఆ చివరి యూనిట్లే.

కూరగాయల సంగతి మీకు చెప్పక్కర్లేదు. 1999లో రైతుబజార్లు వచ్చినప్పటినుంచీ సంచి పట్టుకుని వెళ్తున్నవాళ్లమే. కాకపోతే చవగ్గా ఉన్నాయని రెండు కిలోలు తెచ్చి, కిలో ఫ్రిజ్‌లో కుళ్లబెడితే ఇంక చవకెక్కడిది?

సరే, ఇన్ని చేసి మిగిల్చిన డబ్బు ఏమవుతోంది? అసలు చిక్కు ఇక్కడే ఉంది. విడిగా తీయకపోతే అది ఇంటి ఖర్చులోనే కరిగిపోతుంది. ఫోన్‌తో డబ్బు కట్టడం అలవాటయ్యాక ఇది మరీ ఎక్కువైంది. చేతిలోంచి నోటు పోతే తెలిసినట్టు అది తెలియదు.

మన అమ్మలు పోపుల డబ్బాలో దాచేవారు. మా పక్కింటి వదినా అంతే. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవని ప్రకటించేసరికి, ఆవిడ ఆవాల కింద నుంచి 22 నోట్లు తీసింది. అన్నీ ఐదొందలవే, మొత్తం 11 వేలు. "అమ్మో, ఇంత ఎక్కడిదే?" అని ఇంట్లో ఒకటే నవ్వులు. ఆవిడకు ఖాతా లేకపోవడంతో ఆయన ఖాతాలో వేశారు. పాప కాలేజీ ఫీజుకని కూడబెట్టిన ఆ డబ్బు మళ్లీ ఆవిడ చేతికి రాలేదు. బండి రిపేరుకు కొంత, ఎవరి పెళ్లి చదివింపులకో కొంత అయిపోయింది. ఎవరూ దొంగతనం చేయలేదు. అడిగే వీలూ లేకపోయింది.

అందుకే ఖాతా మీ పేరుమీదే ఉండాలి. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు 100 రూపాయలతోనే తెరవొచ్చు. గడువు ఐదేళ్లు. ఎంత కట్టాలో తేల్చుకోవడానికి నిరుటి ఇదే నెల కరెంటు బిల్లును ఈ నెల బిల్లు పక్కన పెట్టి చూడండి. వేసవి బిల్లును చలికాలం దానితో పోలిస్తే లెక్క తప్పుతుంది. ఆ తేడాకు, మిగిలే రెండు సిలిండర్ల ఖరీదులో నెలకు వచ్చే వాటాను కలపండి. మీరు కట్టగలిగేది సుమారుగా అంత.

వదిన ఇప్పుడు అలాగే కడుతోంది. ఆవిడ చెప్పిన కిటుకు ఒకటుంది. ఖాతా 15వ తేదీలోపు తెరిస్తే ప్రతినెలా 15లోగా కట్టాలి. 16 తర్వాత తెరిస్తే నెలలో చివరి పనిదినం వరకు గడువుంటుంది. జీతం ఆలస్యంగా వచ్చే ఇళ్లకు ఈ రెండోదే నయం.