రిపోర్టుకు తాళం ఎందుకు?



రక్త పరీక్ష, ఎక్స్‌రే, స్కానింగు రిపోర్టులను కోరినవారికి ఈ-మెయిల్‌లో పంపుతున్నాము. కాగితం కోసం మళ్లీ బస్సెక్కి రానవసరం లేదని దూర గ్రామాలవారు సంతోషించారు. అయితే సలహాల పెట్టెలోని చీటీలలోను, ఓ.పి. దగ్గర సిస్టర్లతో మీరు చెప్పిన మాటలలోను ఒక ఫిర్యాదు ఎక్కువగా వినబడింది. "మా రిపోర్టు మేము చూసుకోవడానికి ఈ తాళం ఎందుకమ్మా? పాస్‌వర్డ్ కొట్టలేకపోతున్నాం" అంటున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఈ నెల దానికే జవాబు రాస్తున్నాము.

మా వల్ల జరిగిన పొరపాటు

మొదట్లో కూడా తాళం ఉండేది. కాని దానంతటదే పడేది కాదు. రిపోర్టు పంపే కంప్యూటరు తెరమీద అడుగున ఒక చిన్న గడి ఉండేది. ప్రతిసారీ దానిలో టిక్కు పెడితేనే ఫైలుకు తాళం పడేది. ఒక సోమవారం రద్దీలో టిక్కు పెట్టడం మరచిపోయాము. ఆ వెళ్లింది పెళ్లి కుదిరిన ఒక అమ్మాయి తెమడ పరీక్ష రిపోర్టు. ఇంట్లో ఎవరికీ ఈ-మెయిల్ లేక, ఊళ్లోని నెట్ సెంటరు అడ్రసు ఇచ్చారు. అక్కడ తెరిచినవారు చదివారు. టి.బి. అన్న మాట, మందు మొదలుపెట్టక ముందే పెళ్లివారింటికి చేరింది. "సిస్టరమ్మా, మందు మా పిల్లకిచ్చారు, మాట ఊరికిచ్చారు" అని ఆ తల్లి ఏడ్చింది. ఆరు నెలలు మందులు వాడి అమ్మాయి ఆరోగ్యంగా ఉంది. ఆ సంబంధం మాత్రం తిరిగి రాలేదు.

డ్యూటీలో ఉన్నవారిని మందలించి ఊరుకోవచ్చు. కాని రోజంతా గుర్తుపెట్టుకుని చేయవలసిన పనిని ఎవరైనా ఒకసారి మరచిపోతారు. ప్రమాదకరమైన ఇంజెక్షన్‌ను మామూలు మందుల పక్కన పెట్టి "చూసి ఇవ్వండి" అంటే చాలదు. దానిని వేరే బీరువాలో పెట్టి తాళం వేస్తాము. రిపోర్టు విషయంలోనూ అలాగే చేయాలని తెలుసుకున్నాము.

ఎన్‌క్రిప్షన్ అంటే ఏమిటి?

పోస్టు కార్డు మీద రాసిన సంగతిని దారిలో ఎవరైనా చదవవచ్చు. కవరులో పెట్టి అంటిస్తే చదవలేరు. ఎన్‌క్రిప్షన్ అంటే అక్షరాలను లెక్క ప్రకారం కలగాపులగం చేసి పంపడం. సరైన తాళంచెవి, అంటే పాస్‌వర్డ్ వంటిది, ఉన్నవారికే అవి తిరిగి అక్షరాలుగా కనబడతాయి.

ఈ-మెయిల్‌కు రెండు రకాల తాళాలున్నాయి. మొదటిది దారికి వేసేది. ఉత్తరం ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు పోయేటప్పుడు మధ్యలో ఎవరూ చదవకుండా ఇది కాపాడుతుంది. పెద్ద ఈ-మెయిల్ కంపెనీలు దీనిని తమంతట తామే వేస్తాయి. కాని ఉత్తరం చేరాక, ఆ మెయిల్ తెరవగలిగిన ప్రతివారూ చదవవచ్చు. రెండవది ఫైలుకే వేసేది. మెయిల్ తెరిచినా పాస్‌వర్డ్ లేనిదే రిపోర్టు తెరుచుకోదు. ఆ అమ్మాయి విషయంలో లేనిది ఈ రెండవదే.

చదువుకున్నవారికీ కష్టమే

"మాకు చదువు లేక రావడం లేదు" అని కొందరు సిగ్గుపడుతున్నారు. సిగ్గుపడనవసరం లేదు. 1999లో అమెరికాలో ఆల్మా విటెన్, జె.డి. టైగర్ అనే ఇద్దరు పరిశోధకులు, ఈ-మెయిల్ బాగా అలవాటున్న 12 మందికి పి.జి.పి. 5.0 అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాము ఇచ్చి 90 నిమిషాల సమయమిచ్చారు. వారిలో ముగ్గురు రహస్య సందేశాన్ని పొరపాటున తాళం లేకుండానే పంపేశారు. లోపం మనుషులది కాదు, తెర తయారుచేసిన పద్ధతిది అని ఆ పరిశోధకులు చూపించారు. 2016లో వాట్సాప్ తన సందేశాలన్నిటికీ ఎన్‌క్రిప్షన్ దానంతటదే పడేలా చేసింది. వాడేవారు ఏ గడిలోనూ టిక్కు పెట్టనవసరం లేకపోయింది.

తాళం బొమ్మను చూసి కూడా మోసపోకూడదు. బ్రౌజరులో వెబ్‌సైటు అడ్రసు పక్కన కనబడే తాళం బొమ్మ దారి భద్రమని మాత్రమే చెబుతుంది, అవతలివారు మంచివారని కాదు. 2021లో గూగుల్ పరిశోధనలో పాల్గొన్నవారిలో 11 శాతం మందే దాని అర్థాన్ని సరిగా చెప్పగలిగారు. అందుకే 2023లో క్రోమ్ బ్రౌజరులో కంప్యూటరు తెరమీద ఆ బొమ్మ తీసి వేరే గుర్తు పెట్టారు.

మీరు చెప్పాక మేము మార్చినవి

ఇప్పుడు ప్రతి రిపోర్టుకూ తాళం దానంతటదే పడుతుంది. తీయాలంటేనే ఇన్‌ఛార్జి సిస్టరు అనుమతి కావాలి.

మొదట పుట్టిన సంవత్సరాన్ని పాస్‌వర్డ్‌గా పెట్టాము. "అది మా ఇంటిల్లిపాదికీ తెలుసు కదా" అని ఒక పెద్దాయన అడిగారు. నిజమే. ఇప్పుడు రిపోర్టుకొక పాస్‌వర్డ్ చీటీ మీద రాసి మీ చేతికే ఇస్తున్నాము.

సున్నాకూ ఇంగ్లీషు 'ఓ' అక్షరానికీ తేడా తెలియడం లేదని చాలామంది అన్నారు. ఆ రెండూ పాస్‌వర్డ్‌లో రాకుండా చేశాము. మెయిల్‌లో ఇంగ్లీషులో ఉన్న సూచనలను తెలుగులో, పెద్ద అక్షరాలలో పెట్టాము.

మీరు చేయవలసినవి

1. మీ సొంత ఈ-మెయిల్ అడ్రసే ఇవ్వండి. లేకపోతే కాగితం రిపోర్టు అడగండి. కాదనము.

2. అడ్రసును కౌంటరులో మరొకసారి చదివి సరిచూడండి. ఒక్క అక్షరం తప్పినా అది వేరొకరికి పోతుంది.

3. పాస్‌వర్డ్ చీటీని ఫోను కవరులో పెట్టవద్దు. ఫోను, చీటీ ఒకరి చేతిలోనే పడితే తాళం ఉండీ లేనట్టే.

4. నెట్ సెంటరులో రిపోర్టు తీసుకోవలసి వస్తే, ప్రింటు తీసుకున్నాక ఆ కంప్యూటరులో ఫైలు చెరిపి, మెయిల్ నుండి బయటకు రండి.

5. ఆస్పత్రి పేరు చెప్పి ఎవరు ఫోను చేసినా పాస్‌వర్డ్ చెప్పవద్దు. మేము ఎప్పుడూ అడగము.

హెచ్.ఐ.వి. పరీక్ష ఫలితాన్ని మేము ఈ-మెయిల్‌లో పంపము. ముఖాముఖి కూర్చుని కౌన్సెలింగు చేసి చెబుతాము. అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదని 2017లో చేసిన చట్టం కూడా ఉంది.

నర్సింగు విద్యార్థినులు దీపం పట్టుకుని చేసే నైటింగేల్ ప్రమాణం 1893లో తయారైంది. పేషెంటు సొంత సంగతులను, ఇంటి సంగతులను బయటపెట్టమన్న మాట అందులో ఉంది. ఆనాడు నోరు అదుపులో పెట్టుకుంటే సరిపోయేది. ఈనాడు కంప్యూటరును కూడా అదుపులో పెట్టాలి. తాళం తెరవలేకపోతే ఓ.పి. కౌంటరు దగ్గరకు రండి. విసుగుకోకుండా చూపిస్తాము. ఇబ్బందులుంటే చీటీ రాసి పెట్టెలో వేస్తూనే ఉండండి.

దేవుడు మిమ్మును, మీ కుటుంబాలను ఆరోగ్యముతో దీవించును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్, మరియు సిస్టర్లు